స్టీరింగు మీద ఎర్ర దారం

గోడ గడియారంలో సన్నముల్లు తిరుగుతూనే ఉంది, తిరుగుతున్నా పొద్దు మాత్రం కదలడం లేదు, ఇందాక చూస్తే రెండు నలభై, ఇప్పుడు చూసినా రెండు నలభయ్యే, పొద్దున తన చేతుల్లో స్టీరింగు కూడా ఇట్లాగే ఎంత తిప్పితే అంత తిరిగింది, బండి మాత్రం తన దారిన తాను పోయింది, అనుకున్నాడు సంతోష్‌రావు, కరీంనగర్ ఆసుపత్రి మూడో అంతస్తులో ఇనుప కుర్చీ మీద కూర్చుని. ఎదురుగా ఉన్న తలుపు అవతల అతని భార్య సరళ ఉంది. ఆపరేషన్ అయిపోయింది, తెలివి రావాలి, వస్తుందా అంటే డాక్టరు తల అడ్డంగానూ కాక నిలువుగానూ కాక ఎటో తిప్పాడు. వచ్చినా నడుము కింద స్పర్శ ఉండదన్నాడు, ఆ ఒక్కటి మాత్రం తిన్నగా చెప్పాడు. స్పర్శ లేకపోవడమంటే ఏమిటో తెలిసి కూడా, అంటే నడవదా సారూ అని సంతోష్‌రావు అడిగాడు. ముందు బతకనివ్వండి అని డాక్టరు వెళ్లిపోయాడు. ఒళ్లో నర్సు ఇచ్చిన పాలిథిన్ సంచి ఉంది, అందులో సరళ గాజులు, సరళ చెప్పులు. పొద్దున పెద్దపల్లిలో ఇల్లు దాటేటప్పుడు ఆమె ఒక చేత్తో గోడ పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి, ఆ చెప్పు వేసుకుంది. ఇరవై నాలుగేళ్లలో ఎన్ని వేల సార్లు అట్లా నిలబడి ఉంటుంది, ఒక్కసారన్నా తాను చూశాడా, ఇవాళ కూడా చూడలేదు, చేతిగడియారం చూసుకుంటున్నాడు, చెప్పు సంగతి ఇప్పుడు ఎక్కడి నుంచో వచ్చి కళ్ల ముందు నిలబడింది.

చొక్కా జేబులో దారం ఉంది. బయటికి తీసి చూడలేదు, చూడాల్సిన పని లేదు, జానెడు కూడా ఉండని ఎర్ర నూలు దారం, అది అక్కడుందని ఛాతీకి తెలుస్తూనే ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు అటుగా నడిచినా అతని చెయ్యి జేబు మీదికి పోతోంది. స్ట్రెచర్ పోయినా పోతోంది, తుడిచే ఆమె బకెట్ పెట్టినా పోతోంది. సిద్దిరాములు తలెత్తి చూసినప్పుడైతే చెయ్యి జేబు మీదనే ఉండిపోతోంది. సిద్దిరాములు మెకానిక్కు. పిలవకుండానే పెద్దపల్లి నుంచి బస్సెక్కి వచ్చాడు, ఇన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నా గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు, గ్రీజు మరకల అంగీ మార్చుకోలేదు. అతని వెనక మెట్ల దగ్గర సరళ అన్న జగన్మోహన్‌రావు కానిస్టేబుల్‌తో మాట్లాడుతున్నాడు, కొత్త పట్టుపంచె, నుదుట బొట్టు, ఖానాపూర్‌లో తన ఇంటి గృహప్రవేశంలో పీటల మీదినుంచి లేచి వచ్చినట్టే వచ్చాడు. వచ్చీ రాగానే సిద్దిరాములు అంగీ పట్టుకోబోయాడు. సిద్దిరాములు పట్టుకోనిచ్చాడు. అంతకన్నా సిద్దిరాములు కొట్టించుకుని ఏడ్చినా బాగుండేది, ఎదురు తిరిగి తిట్టినా బాగుండేది, అట్లా ఊరికే నిలబడ్డాడు, సంతోష్‌రావే మొహం తిప్పుకున్నాడు.

ఆ దారం సిద్దిరాములుకు సాంచాల నాటి అలవాటు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు, ఒక్కో మనిషి ఎనిమిదేసి సాంచాలు నడపాలి, ఒక దాని మీద పోగు తెగుతుంది, అతుకుదామని వంగేలోపు సేటు పిలుస్తాడు, పోయి వచ్చేసరికి ఆ మోతలో ఏది తెగిందో మనిషికి గుర్తుండదు, అందుకని తెగిన సాంచా పిడికి ఒక ఎర్ర దారం కట్టి పోయేవాడట. కూలి గిట్టక సాంచాలు విడిచిపెట్టి పెద్దపల్లిలో బండ్ల షెడ్డు పెట్టుకున్నాక కూడా ఆ అలవాటు విడువలేదు. పని మధ్యలో లేవాల్సి వస్తే ఆ బండి స్టీరింగుకు దారం కడతాడు, పని పూర్తయ్యాక తన చేత్తో తానే తీస్తాడు. ఏంది సిద్దిరాములూ, బండికి దిష్టి దారమా ఇది అని మొదట్లో సంతోష్‌రావే నవ్వాడు. 'దిష్టి కాదు సారూ, ఆరు బండ్లు ఒక్కపారి పట్టుకుంటం, తలకాయ మర్సిపోతది గని దారం మర్సిపోదు' అన్నాడు. షెడ్డు తెరిచిన రోజు మొదటి కొబ్బరికాయ సంతోష్‌రావుతోనే కొట్టించాడు, మీ చెయ్యి చల్లనిది సారూ అన్నాడు, పద్దెనిమిదేళ్లయింది. చల్లని చెయ్యి. సంతోష్‌రావు తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు, బొటనవేలి దగ్గర దారం కోసిన సన్నటి గీత ఇంకా ఎర్రగానే ఉంది. అంత బిగువుగా కట్టాడు వాడు.

బండి రెండు రోజులు షెడ్డులోనే ఉంది. గుంతలో పడ్డప్పుడల్లా స్టీరింగు కొట్టుకుంటోందని ఇస్తే, స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ చివర అరిగిందని సిద్దిరాములు కొత్తది తెప్పించాడు, ఇవాళ పొద్దున ఏడింటికల్లా కావాలంటే ఐదున్నరకే షెడ్డు తెరిచాడు. ఏడింటికి ఎందుకంటే ఏడు ఇరవై రెండుకు వర్జ్యం పడుతుంది. వర్జ్యంలో బండి కదిలించకూడదు, అది తొమ్మిది దాకా ఉంటుంది, తొమ్మిదికి బయలుదేరితే పది ముప్పై ఎనిమిదికి ఖానాపూర్ ఎట్లా చేరతారు, అక్కడ ఆడబిడ్డ లేకుండా పొయ్యి మీద పాలు ఎట్లా పొంగుతాయి, సరళ వదిన పొద్దున్నుంచి ఐదుసార్లు ఫోను చేసింది. ఇన్ని లెక్కలు వేశాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తానే పెట్టాడు. సరిగ్గా అప్పుడు హారన్ ఇరుక్కుపోయిన ఆటో ఒకటి షెడ్డులోకి వచ్చింది, చెవులు పగిలిపోతున్నాయి, ఆటోవాడు అరుస్తున్నాడు, కారు కింద నుంచి సిద్దిరాములు లేచి, జేబులోంచి దారం తీసి, స్టీరింగుకు రెండు చుట్లు చుట్టి ముడివేసి, ఒక్క నిమిషం సారూ అని సైగ చేసి ఆటో వైపు పరుగెత్తాడు. ఒక్క నిమిషం. గడియారంలో ఏడు పదిహేను, ఏడు పదహారు. హారన్ ఆగలేదు. సంతోష్‌రావు సీట్లో కూర్చున్నాడు. పక్క సీట్లో సరళ, ఒళ్లో పాలు పొంగించే కొత్త ఇత్తడి గిన్నె, పసుపు రాసి కుంకుమ పెట్టింది, అది చెదురుతుందని బెల్టు కూడా పెట్టుకోలేదు. 'దారం ఉన్నది గదండీ, ఆయన్ను రానియ్యుండ్రి' అంది. విన్నాడు. అంత మోతలో కూడా విన్నాడు, వినలేదని ఇప్పుడు అనుకుందామన్నా అనుకోలేడు. 'పనైపోయింది, దారం విప్పుడు మర్సిండు' అన్నాడు. మరిచిపోయాడని నమ్మాడా. నమ్మలేదు. నమ్మితే బాగుండుననుకున్నాడు, గడియారం ఏడు పద్దెనిమిది చూపించింది, నమ్మేశాడు. దారం పట్టుకుని లాగాడు, మొదటిసారి తెగలేదు, వేలికి చుట్టి లాగితే తెగింది, కింద పడేస్తే సిద్దిరాములు చూస్తాడని జేబులో వేసుకున్నాడు. చూస్తే ఏమయ్యేది. చూస్తే ఆపేవాడు. అందుకేగా జేబులో వేసుకుంది.

ఆ తరువాతి సంగతి తలుచుకోకూడదని ఎంత అనుకుంటే అంత తలకెక్కుతోంది. హారన్ ఆగిపోయి, ఒక్కసారిగా వచ్చిన ఆ నిశ్శబ్దంలో సిద్దిరాములు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు, కిటికీలోంచి వంగి మొట్టమొదట స్టీరింగు వైపే చూశాడు. అక్కడ దారం లేదు. అతని నొసలు ఒక్క క్షణం ముడిపడింది. ఒక్క క్షణమే. ఏదో గుర్తుచేసుకోబోయినట్టు కిందికి, చక్రం వైపు చూశాడు, మళ్లీ స్టీరింగు చూశాడు, దారం లేదంటే పనైపోయినట్టే, పద్దెనిమిదేళ్లుగా తన తలకన్నా ఆ దారాన్నే నమ్ముకున్నవాడు, ఆ నమ్మకంతోనే వెనక్కి జరిగి చెయ్యి ఊపాడు. 'పోండ్రి సారూ, పైలం' అన్నాడు. నాలుగు నిమ్మకాయలూ చితికాయి. వర్జ్యానికి ఇంకా మూడు నిమిషాలున్నాయి, సంతోష్‌రావు గెలిచినట్టు నవ్వి, చూసినవా అన్నాడు సరళతో. ఆమె నవ్వలేదు. జగిత్యాల దాకా బండి వెన్నలా నడిచింది, కొట్టుకోవడం పోయింది, సిద్దిరాములు చెయ్యి పడితే అంతేనని తానే మెచ్చుకున్నాడు. జగిత్యాల దాటాక నాలుగు కిలోమీటర్లకు మలుపు వచ్చింది, తిప్పాడు. నీళ్లు లేని బావిలో చేద దించినట్టు చేతికి ఏ బరువూ తగల్లేదు. ఇంకా తిప్పాడు. తిరిగింది. రోడ్డు పక్కన మోరీ గోడ తన ముందుకు తానే నడిచివచ్చింది, సరళ గిన్నెను రెండు చేతులతో పట్టుకుంది, తనను కాదు, డాష్‌బోర్డును కాదు, గిన్నెను పట్టుకుంది. తనకు కనుబొమ్మ మీద మూడు కుట్లు. గిన్నెకు చిన్న సొట్ట కూడా పడలేదని అంబులెన్సు అతను ఆశ్చర్యపోయాడు.

ఖానాపూర్‌లో పది ముప్పై ఎనిమిదికి పాలు పొంగించారట. వదినే పొంగించిందట, ఎవరో అన్నారు. అదే సమయానికి ఇక్కడ సంతోష్‌రావు ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాడు. ముహూర్తం మాత్రం తప్పలేదు.

మూడు కావొస్తోంది. ఆమె లేవాలి. సరళా లెవ్వు, లేచి ఒక్కసారి తిట్టు, నేను చెప్పలేదా అని అడుగు, అనుకుంటున్నాడు, అనుకుంటూ ఉండగానే ఆ మాట వెనక నుంచి ఇంకో మాట తల బయట పెట్టింది. ఆమె లేస్తే చెబుతుంది. దారం సంగతి తెలిసినవాళ్లు ఈ లోకంలో ఇద్దరే, ఒకరు తాను, ఇంకొకరు ఆ తలుపు అవతల ఉన్నారు. లేవకపోతే. ఆ మాటను పూర్తిచేయకుండా సంతోష్‌రావు గబుక్కున లేచి నిలబడ్డాడు, సంచి కింద పడింది, ఒక చెప్పు బయటికి జారింది. ఛీ అనుకుని మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు, తన మీద తనకే వాంతి వచ్చినంత అసహ్యం వేసింది, ఇరవై నాలుగేళ్లు ఒక కంచంలో తిన్న మనిషి, జ్వరమొస్తే రాత్రంతా తన అరికాళ్లు రుద్దిన మనిషి, ఆ మనిషి గురించేనా. కానీ ఆ మాట పోలేదు. తలుపు మూసేశాక కూడా చూరులో పాము ఉందని తెలిసినవాడు ఎట్లా పడుకుంటాడు. ఆమె బతకాలని మొక్కుతున్నాడు, నిజంగానే మొక్కుతున్నాడు, కొండగట్టుకు తలనీలాలు మొక్కాడు, వేములవాడకు కోడెను మొక్కాడు, ప్రతి మొక్కు అడుగునా ఆ మాట బిక్కుబిక్కుమంటూ కూర్చునే ఉంది. దేవుడికి మొక్కు వినిపిస్తుందా, అడుగున కూర్చున్నది వినిపిస్తుందా.

సిద్దిరాములు వచ్చి ఆ చెప్పు తీసి, అంగీ కొసతో తుడిచి, సంచిలో పెట్టాడు. పెట్టి, లేవకుండా అక్కడే కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు. కానిస్టేబుల్ కాగితాలు అట్టకు పెట్టి తెస్తున్నాడు, వెనకే జగన్మోహన్‌రావు.

'రాయించుకోండ్రి సార్' అన్నాడు జగన్మోహన్‌రావు కానిస్టేబుల్‌తో. 'పిన్ను ఎయ్యలేదని తనే ఒప్పుకుంటుండు. బావా, నువ్వేం ఫికర్ జెయ్యకు, వీన్ని ఇడ్సిపెట్టేది లేదు.'

'ఒప్పుకుంటున్న సారూ' అన్నాడు సిద్దిరాములు. అరచెయ్యి తెరిచాడు. వెంట్రుకల పిన్నంత ఇనుప పిన్ను, కొత్తది, నూనె కూడా ఆరలేదు. కడ్డీ చివరి నట్టు వదులుకాకుండా అడ్డంగా గుచ్చేది అదే. 'మీరు పోయినంక పీట కింద దొరికింది. అప్పుడే ఫోన్ కొట్టిన, మీరు ఎత్తలే.' మోగింది నిజమే, బండి నడుపుతున్నానని సంతోష్‌రావు కట్ చేశాడు, మళ్లీ వదినే చేస్తోందనుకున్నాడు. 'పిన్ను ఎయ్యలే. నట్టు ఆఖరి బిగింపు గూడ బిగియ్యలే. అది నా తప్పే, జైలుకు పొమ్మన్న పోత. ఒక్కటే అడుగుత సారూ. నేను దారం కట్టిన్నా? కట్టినట్టే యాదికున్నది. ముడి ఏసినట్టు గీ చేతి ఏళ్లకు యాదికున్నది. మల్ల వచ్చి సూస్తె లేకుండె. పద్దెనిమిదేండ్లల్ల ఒక్కనాడు దారం మర్సిపోలే నేను. మీరు సీట్ల కూసున్నరు గద, సూసి ఉంటరు. దారం ఉండెనా?'

సంతోష్‌రావు అతని చేతులు చూశాడు. గోళ్లలో నల్లటి మట్టి, వేళ్ల మధ్య ఆ పిన్ను. ఆ వేళ్ల సంగతే అతను అడుగుతున్నాడు, జైలు సంగతి కాదు. కట్టాడని తెలిస్తే ఆ వేళ్లు రేపు మళ్లీ పానా పట్టుకుంటాయి, కట్టలేదంటే ఇంక వాటిని నమ్మడు, అన్నం కలుపుకోవడానికి కూడా నమ్మడేమో. ఒక్క మాట. ఉండె అంటే చాలు. ఉండె, నేనే తెంపిన, ఇగో నా జేబుల ఉన్నది. జేబులో చెయ్యి పెట్టాడు. దారం వేళ్లకు తగిలింది. జగన్మోహన్‌రావు చూస్తున్నాడు, చెల్లెలి మంచం పక్కన రేపటి నుంచి కూర్చోబోయే అన్న. కానిస్టేబుల్ కలం మూత తీశాడు. తన తండ్రి ఏనాడూ ఒకడి ముందు తప్పయిందని అన్నవాడు కాదు, ఊళ్లో అందరూ ఆయనకు వంగేవాళ్లే, తాను అట్లాంటివాడిని కానని, మెకానిక్కుతో కూడా కలిసి చాయ తాగుతానని సంతోష్‌రావుకు లోపల ఎంతో గొప్ప. చెప్పాలి. చెబుతున్నాడు. నోరు తెరిచాడు.

'లేకుండె' అన్నాడు.

ఎవరో వెనక నుంచి అన్నట్టు వినిపించింది. సిద్దిరాములు అతని మొహంలోకి చూశాడు. నమ్మలేనట్టు కాదు, నమ్మినట్టు. సంతోష్‌రావు సారు చూడలేదంటే ఇంక లేనట్టేగా. 'గట్లనా' అన్నాడు మెల్లగా. 'మర్సిన్న అయితే.' తన చేతులను ఒళ్లో పెట్టుకుని, పరాయివాళ్లవి చూసినట్టు చూసుకున్నాడు. 'ఇగ నేను బండి ముట్ట సారూ' అన్నాడు, కానిస్టేబుల్ దగ్గర కాగితం తీసుకున్నాడు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. పేషెంటుకు తెలివి వచ్చింది, ఒక్కరు రండి అంది నర్సు. సంతోష్‌రావు కుర్చీ చేతిని పట్టుకున్నాడు. జగన్మోహన్‌రావు గోడకు నుదురు ఆనించి ఏడుస్తున్నాడు, సిద్దిరాములు కలం పక్కన పెట్టి రెండు చేతులూ పైకెత్తి మొక్కాడు, 'పోండ్రి సారూ, అమ్మ బతికింది' అన్నాడు, చెయ్యి పట్టి అతనే లేపాడు.

లోపల చల్లగా ఉంది. తెల్లటి దుప్పటి కింద సరళ కాళ్లు ఎవరో పెట్టిన వస్తువుల్లా ఉన్నాయి. మొహం వాచింది, కళ్లు మాత్రం ఆమెవే. అతన్ని చూసింది, కనుబొమ్మ మీది కుట్లు చూసింది, ఎడమచెయ్యి కొద్దిగా కదిపింది, పట్టుకున్నాడు. 'కాళ్ల మీద బరువేందో పెట్టిన్రు, తియ్యమనుండ్రి' అంది, మాట సగం సగం వస్తోంది. తీస్తరు, ఇప్పుడే తీస్తరు అన్నాడు. ఆమె కాసేపు ఊపిరి కూడగట్టుకుంది. అడగబోతోందని తెలిసిపోయింది, అడగొద్దు సరళా అని లోపల ఎంత బతిమాలుకున్నా ఆమెకు వినిపించలేదు.

'సిద్దిరాములు వచ్చిండా?'

'వచ్చిండు. బయట ఉన్నడు.'

'పాపం, ఎంత పరేషాన్ అయితుండో. దారం కట్టిండని, మనమే తెంపినమని... చెప్పిన్రా?'

మనమే అంది. తానొక్కడు తెంపిన దాన్ని మనమే అంది, ఆ ఒక్క మాటకు సంతోష్‌రావు గుండె పగిలింది, పగిలినా అది నోటి దాకా రాలేదు. తలుపుకు చిన్న అద్దం ఉంది. అందులోంచి వసారా కనిపిస్తోంది. సిద్దిరాములు నేల మీద కూర్చుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని, చిన్నపిల్లల్లా ఒక్కో అక్షరం దిద్దుతున్నట్టు రాస్తున్నాడు.

'చెప్పిన' అన్నాడు సంతోష్‌రావు.

'మంచిగ చేసిన్రు' అంది సరళ, కళ్లు మూసుకుంది, అతని చెయ్యి వదల్లేదు. అద్దం అవతల సిద్దిరాములు సంతకం పెట్టి, కలానికి అంటిన గ్రీజు తన అంగీకి తుడిచి, కానిస్టేబుల్‌కు తిరిగి ఇచ్చాడు.